టెక్సాసు మిరపకూర



నేటి ప్రసంగమునకు నేను ఎన్నుకొన్న విషయము ఒక వంటకము. దాని పేరు చిల్లీ. ఈ మాట చెవిని పడగానే మనవారికి ఎండుమిరపకాయ తలపునకు వచ్చును. కాని అమెరికా సంయుక్త రాష్ట్రములలో, ముఖ్యముగా టెక్సాసు రాష్ట్రములో, “ఈ రాత్రి మాయింట చిల్లీ” అని ఎవరైనను అన్నచో దాని యర్థము వేఱు. ఎండుమిరపకాయల ముద్దలో మాంసపు ముక్కలను వేసి, జీలకఱ్ఱయు వెల్లుల్లియు చేర్చి, సన్నని సెగమీద గంటలకొలది ఉడికించిన చిక్కని కూరకు అక్కడ ఆ పేరు. స్పానిషు భాషలో దాని పూర్తి పేరు చిల్లీ కాన్ కార్నే, అనగా మాంసముతోడి మిరపకాయ. పేరులో మొదటి స్థానము మిరపకాయది. మాంసము దానికి తోడు మాత్రమే. ఈ సంగతిని దయతో గుర్తుంచుకొనుడు. దానిని వండుటలోని మెలకువయు వడ్డించుటలోని నేర్పును అందులోనే యున్నవి.

పరదేశపు వంటకముతో మనకేమి పని యని కొందఱు అడుగవచ్చును. మనకును దానికిని ఒక చుట్టరికము కలదు. కారము తినుటలో మనకు మనమే సాటి యని తెలుగువారు చెప్పుకొందురు. గుంటూరు మిరపకాయ పేరు దేశదేశములలో ప్రసిద్ధము. అయినను మిరపకాయ మన నేల పంట కాదు. అది మెక్సికో ప్రాంతములలో వేలయేండ్ల క్రిందట మానవులు సాగులోనికి తెచ్చిన మొక్క. వాస్కో డ గామా 1498లో కాలికట్టు తీరము చేరిన పిమ్మట, పదునాఱవ శతాబ్దిలో, పోర్చుగీసు ఓడలపై అది మన దేశమునకు వచ్చినది. శ్రీనాథుడు భుజించిన విస్తళ్లలో మిరపకాయ లేదు. అప్పటి కారము మిరియములది, అల్లముది. ఇప్పుడు మిరపకాయ లేని తెలుగు వంటిల్లు ఊహకు రాదు. ఎక్కడనో పుట్టిన కాయ మన యింటి బిడ్డయైనది. అట్టి కాయ తన పుట్టినింటి ప్రక్కవీధిలో ఎట్లు బ్రదుకుచున్నదో తెలిసికొనుట మనకు తగిన పనియే. పైగా నేడు డాలసు, హ్యూస్టను, ఆస్టిను నగరములలో వేలకొలది తెలుగు కుటుంబములు కాపురముండుచున్నవి. మా మేనకోడలును ఆ ప్రాంతముననే యున్నది. ఆమె యింట కొన్ని మాసములుండి ఈ కూరను వండుటయు వడ్డించుటయు నేర్చితిని.

ముందుగా దీని పుట్టుక. టెక్సాసులోని సాన్ ఆంటోనియో పురాతన నగరము, 1718లో స్థాపింపబడినది. మొదట స్పెయిను వారిదిగా, తరువాత మెక్సికో వారిదిగా, ఆపైన టెక్సాసు వారిదిగా ఉండి, తుదకు అమెరికా సంయుక్త రాష్ట్రములలో చేరినది. మిరపకాయ ఆ నేలది. జీలకఱ్ఱ, వెల్లుల్లి, పశువు అనునవి స్పెయినువారు సముద్రము దాటించి తెచ్చినవి. ఈ నాలుగును ఒక కుండలో కలిసినవి. ఎవరు కలిపిరో చెప్పుటకు కథలనేకములు గలవు. నాకు నమ్మదగినదిగా తోచునది ఒక్కటే: ముదురు మాంసము తప్ప కొనలేని పేదయిండ్లలో, ఆ ముదురుతనమును మెత్తపరచుటకు తీరిక గల సెగ, నాలుకకు రుచి తోపించుటకు మిరపకాయ ఉపయోగపడినవి. లోకములోని మంచి కూరలలో అనేకము పేదఱికమును ఓర్పుతో వండిన కూరలే.

పందొమ్మిదవ శతాబ్ది తుది భాగములో ఈ కూర ఆ నగరపు వీధికెక్కినది. సాయంకాలము కాగానే మిలిటరీ ప్లాజా అను మైదానమునకు మెక్సికను వంశపు స్త్రీలు ఇండ్లలో వండిన కూరను బండ్లపై తెచ్చి, నిప్పులపై కాచుచు, పొడవైన బల్లలు పఱచి, లాంతరులు వెలిగించి అమ్ముచుండిరి. 1877లో రైలుమార్గము సాన్ ఆంటోనియో చేరుటతో క్రొత్త బాటసారులు పెరిగిరి. పశువులు తోలువారు, సైనికులు, వర్తకులు, ధనవంతులు అందఱును ఆ బల్లల యొద్ద ప్రక్కప్రక్కన కూర్చుండిరి. పది సెంట్ల నాణెమునకు ఒక పళ్లెము వచ్చెడిది. పత్రికలవారు ఆ స్త్రీలకు “చిల్లీ రాణులు” అని పేరు పెట్టిరి. ఓ. హెన్రీ యను కథకుడు వారి బల్లలను తన కథలోనికి తెచ్చెను. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనమునందు సాన్ ఆంటోనియో చిల్లీ అంగడి యొకటి వెలసి, ఉత్తరాదివారికి ఈ రుచిని పరిచయము చేసెను.

రాణులను పేరు గొప్పది. రాజ్యము మాత్రము రెండు బల్లలు, ఒక లాంతరు. మిలిటరీ ప్లాజా నడుమ పురపాలక భవనము లేచినప్పుడు వారు ఇతర మైదానములకు తరలవలసి వచ్చినది. 1930ల చివర ఆరోగ్యశాఖవారు బల్లలపై ఈగలు వ్రాలుచున్నవనియు, పాత్రలు శుభ్రముగా కడుగబడుట లేదనియు చెప్పి అంగళ్లను మూయించిరి. 1939లో మేయరు పదవికి వచ్చిన మౌరీ మావరిక్ వారిని మరల రప్పించెను. కాని 1940ల తొలి సంవత్సరములలో ఆ బల్లలు మఱి లేవకుండ అణగిపోయినవి. శుచి వలదని నేననను. తినెడి వస్తువునకు శుచి ప్రాణము. అయితే శుచి కావలెనన్నచో కుళాయినీరు ఇయ్యవచ్చును, వలతెరలు కట్టింపవచ్చును, కడుగుటకు తావు చూపవచ్చును. అంగడిని తీసివేయుట మాత్రము శుచిని నేర్పుట కాదు. మన పట్టణములలో సందుమొగల ఇడ్డెనలు, బజ్జీలు వేయు స్త్రీల విషయములోను ఈ ప్రశ్నయే యున్నది. మన దేశములో 2014లో వీధి విక్రేతల జీవనోపాధిని కాపాడుటకు ఒక చట్టము వచ్చినది. సాన్ ఆంటోనియో కథ చదివినప్పుడు అట్టి చట్టము ఎందులకు కావలసినదో నాకు మఱింత తేటగా బోధపడినది.

రాణులు పోయిరి; కూర పోలేదు. 1890ల దశకములో విలియం గెబ్‌హార్ట్ అను జర్మను వలసదారు, టెక్సాసులోని న్యూ బ్రాన్‌ఫెల్స్ పట్టణములో, ఎండుమిరపకాయలను జీలకఱ్ఱ మొదలైన దినుసులతో కలిపి పొడిచేసి సీసాలలో అమ్మసాగెను. ఋతువుతో పని లేకుండ ఏ యింటనైనను చిల్లీ వండుటకు వీలు కలిగినది. ఇక్కడ మన స్త్రీలకు ఒక హెచ్చరిక. అమెరికా అంగళ్లలో “చిల్లీ పౌడరు” అని అమ్మునది సాధారణముగా మన కారప్పొడి కాదు. అందులో జీలకఱ్ఱ, వెల్లుల్లి, ఒరెగానో అను ఎండుటాకు, ఒక్కొక్కప్పుడు ఉప్పును కలిసియుండును. క్రొత్తగా వెళ్లిన తెలుగు గృహిణి దానిని చేపల పులుసులో వేసినచో పులుసు పులుసుగా నుండదు. డబ్బాపై వ్రాసిన దినుసులు చదివి కొనుట మంచిది.

1930ల ఆర్థికమాంద్య కాలములో ఈ కూర పేదల పాలిటి కల్పవృక్షమైనది. కొద్ది సెంట్లకు ఒక గిన్నెడు వేడి కూర, దానితో ఉప్పు బిస్కత్తులు లభించెడివి. తుదకు 1977లో టెక్సాసు శాసనసభ చిల్లీని తమ రాష్ట్రపు అధికార వంటకముగా ప్రకటించినది. వీధిలోనుండి వెడలగొట్టబడిన కూరకు శాసనసభలో పీట వేసిరి. అప్పటికి ఆ పీటపై కూరుచుండుటకు రాణులు లేరు.

ఇక వంట. ఆరుగురికి సరిపడునట్లు కొలతలు చెప్పెదను. అక్కడివారు గోమాంసముతో వండుదురు. లేడి మాంసముతో వండుటయు కలదు. లిండన్ జాన్సను అధ్యక్షుడుగా నుండినప్పుడు ఆయన యింటి చిల్లీ వంటవిధమును అడుగువారు అనేకులగుటచే, ఆయన భార్య దానిని పత్రములపై అచ్చొత్తించి పంపెడిది. మన యిండ్లలో వేటమాంసముతో చక్కగా కుదురును. ఎముకలేని మాంసము ఒక కిలో తీసికొని అర అంగుళపు ముక్కలుగా కోయవలెను. ఖైమా కొట్టించినను వంట యగును గాని, ముక్కలో నున్న తృప్తి ఖైమాలో లేదు.

మిరపకాయలు ప్రాణము గనుక వాటిని ముందుగా చూచుకొనవలెను. టెక్సాసువారు వాడు ముఖ్యమైన కాయ ఆంచో. అది నల్లనెఱుపు రంగున, వెడల్పుగా, ఎండుద్రాక్షను పోలిన వాసనతో నుండును, కారము తక్కువ. కారము తక్కువ గనుకనే దానిని గుప్పెళ్లకొలది వేయవచ్చును. ఇక్కడ అది దొరకనిచో బ్యాడగి మిరపకాయలు ముప్పది గ్రాములు, గుంటూరు కాయలు నాలుగైదు తీసికొనుడు. బ్యాడగి రంగును చిక్కదనమును ఇచ్చును. గుంటూరు కాయ పదును ఇచ్చును. అన్నియు గుంటూరు కాయలే వేసినచో అది కూర కాదు, పందెము. తొడిమలు తీసి, చీల్చి, గింజలు దులుపవలెను. కారము గింజలలో నున్నదని మనవారి నమ్మకము. నిజమునకు గింజలను అంటియుండు తెల్లని పొరలో అది హెచ్చు. కనుక కారము తగ్గింప దలచినవారు ఆ పొరను గీకివేయవలెను.

కాయలను పొడిమూకుడుమీద అరనిమిషము వెచ్చచేయుడు. నల్లబడినచో చేదెక్కును. తరువాత వేడినీటిలో అరగంట నానబెట్టి, రోటిలో గాని మిక్సీలో గాని మెత్తగా రుబ్బుడు. రెండు చెంచాల జీలకఱ్ఱను వేయించి పొడిచేసి ప్రక్కన నుంచుడు. ఉల్లిపాయలు రెండు, వెల్లుల్లి రేకలు ఎనిమిది తరిగి పెట్టుకొనుడు.

అడుగు మందముగల గిన్నెలో నూనె కాచి, తడి తుడిచిన మాంసపు ముక్కలను మూడు విడతలుగా వేసి ఎఱ్ఱగా వేపి తీయుడు. అన్నియు ఒక్కసారి కుమ్మరించినచో మాంసము నీరు విడిచి ఆ నీటిలోనే ఉడుకును, ఎఱ్ఱబడదు. ఆ ఎఱుపులోనే సగము రుచి యున్నది. అదే గిన్నెలో ఉల్లిపాయలు మగ్గించి, వెల్లుల్లి వేసి, జీలకఱ్ఱపొడి చల్లి, పిమ్మట మిరపముద్ద వేసి అయిదాఱు నిమిషములు వేపవలెను. నూనె తేలువఱకు అని చెప్పినచో మన స్త్రీలకు గడియారముతో పని లేదు. ఈ మెట్టును తొందరపడి దాటరాదు. మిరపకాయలోని కారమునకు మూలమైన కాప్సైసిను అను పదార్థమును, ఎఱ్ఱని రంగును, నీటిలో సరిగా కరగవు, నూనెలో కరగును. మన యమ్మమ్మలు పోపులో కారము వేయుటకును కారణమిదియే.

ఇప్పుడు మాంసమును తిరిగి గిన్నెలో వేసి, ముక్కలు మునుగునట్లు వేడినీరు పోసి, ఒక చెంచాడు ఒరెగానో ఎండుటాకు నలిపి వేసి, మూత ఓరగా పెట్టి, సన్నని సెగమీద రెండు గంటలు విడువవలెను. కుతకుత ఉడుకరాదు, ఒక బుడగ, మఱియొక బుడగ లేచుచుండిన చాలును. ముదురు మాంసములోని నరములవంటి భాగములు నిదానపు వేడికి కరగి జిగురుగా మాఱి పులుసునకు నిండుతనము తెచ్చును. కుక్కరులో వండువారు ముక్క మెత్తబడిన తరువాత మూత తీసి ఇరువది నిమిషములు మరగనిచ్చి చిక్కపఱచుకొనవలెను. చివరి పావుగంటలో రెండు పెద్ద చెంచాల మాసాపిండిని నీటిలో కలిపి పోయుదురు. మాసా యనగా మొక్కజొన్నలను సున్నపునీటిలో ఉడికించి, కడిగి, రుబ్బి, ఆరబెట్టిన పిండి. అది లేనిచోట మామూలు మొక్కజొన్నపిండిని దోరగా వేయించి వాడవచ్చును. ఆ సున్నపు పరిమళము మాత్రము రాదు. ఉప్పు చివర చూచి వేయుడు. నాలుగు చుక్కల నిమ్మరసము రుచిని మేల్కొలుపును. టమాటాలు వేయువారును కలరు, వేయువారిని తప్పుపట్టువారును కలరు. నేను వేయను.

ఈ కూర వండిన దినముకంటె మఱునాడు బాగుండును. మన పులుసులవలెనే రాత్రి గడచినచో దినుసులు ఒకదానిలో నొకటి ఇంకును. అయితే వేడిగిన్నెను తెల్లవారువఱకు వంటింటిలో విడువరాదు. వెడల్పు పాత్రలలోనికి మార్చి, త్వరగా చల్లార్చి, రెండు గంటలలోపల ఫ్రిజ్జులో నుంచి, మఱునాడు బాగుగా మరగించి వడ్డించవలెను.

ఇక చిక్కుడుగింజల తగవు. టెక్సాసు చిల్లీలో గింజలు ఉండరాదని అక్కడి పెద్దల శాసనము. 1967లో మెక్సికో సరిహద్దు దాపున టెర్లింగ్వా అను పాడువడిన గనుల గ్రామములో ఈ తగవు తీర్చుటకై ఒక పందెము జరిగినది. గింజలు వేయు హెచ్. అలెన్ స్మిత్ అను రచయిత ఒక ప్రక్క, వేయని విక్ ఫౌలర్ అను టెక్సాసు పత్రికారచయిత ఒక ప్రక్క. తుదకు సమానమని తీర్పు వచ్చినది. ఆ పందెము నేటికిని ఏటేట జరుగుచున్నది, తగవు తీరలేదు.

మా మేనకోడలి అత్తగారు శాకాహారి. ఆమె కొఱకు నేను రాజ్మా గింజలతో చిల్లీ వండుటకు పూనగా, మేనకోడలు నవ్వి, “అత్తయ్యా, ఈ సంగతి మా పక్కింటివాళ్లకి తెలిస్తే మనల్ని ఊళ్లోంచి వెలివేస్తారు” అన్నది. దానికి ఆ పెద్దావిడ, “వెలివేస్తే వేయనీవే అమ్మాయీ, ముందు కూర ఉడకనీ” అన్నది. అంతకంటె చక్కని తీర్పు టెర్లింగ్వాలోను వెలువడలేదని నా యభిప్రాయము.

గింజలతో వండువారు ఒక సంగతి తప్పక తెలిసికొనవలెను. ఎఱ్ఱరాజ్మాలో పచ్చిగా నున్నప్పుడు ఒక విషపదార్థము కలదు. అది వాంతులు, విరేచనములు కలిగించును. పావుకిలో గింజలను రాత్రి నానబెట్టి, ఆ నీరు పారబోసి, క్రొత్తనీటిలో కనీసము పది నిమిషములు తెఱ్ఱగా మరగించినచో ఆ విషము నశించును. సన్నని వేడితో గంటలకొలది ఉడికించు విద్యుత్పాత్రలలో నానిన గింజలను నేరుగా వేయుట ప్రమాదము. ఆ వేడి విషమును చంపజాలదు. కనుక గింజలను వేఱుగా మెత్తగా ఉడికించుకొని, మిరపముద్ద వేపిన పిమ్మట చేర్చి, అరగంట కలిపి ఉడికించుడు. పుల్లని వస్తువు ముందుగా తగిలినచో గింజ మెత్తబడదు గనుక నిమ్మరసము చివరకే. మాంసపు పీచును తలపించుటకు మేము లేత పనసకాయ ముక్కలను కూడ వేసితిమి. మాంసము తినువారును రెండవసారి అడిగిరి.

ఇప్పుడు వడ్డన. ఇది చెప్పుటకే ఇంతదూరము వచ్చితిని. ఒకే కూర ఊరూరను ఏ యే వేషములు ధరించినదో చూచినచో ఆ దేశపు చరిత్ర సగము తెలియును.

టెక్సాసువారు లోతుగిన్నెలో కూర మాత్రమే పోసి, పైన తరిగిన పచ్చియుల్లిపాయ చల్లి, ప్రక్కన ఉప్పు బిస్కత్తులో, మొక్కజొన్న రొట్టెయో ఉంచుదురు. ఉప్పులో ఊరిన పచ్చిమిరపకాయ చక్రములు కోరినవారికి. మెక్సికను యిండ్లలో తమాలేలపై చిల్లీ పులుసును పోయుదురు. తమాలే యనగా మాసాముద్దను మొక్కజొన్నపొత్తు తొక్కలో చుట్టి ఆవిరిమీద ఉడికించినది. పనసాకు దొన్నెలలో ఇడ్డెనపిండి పోసి పొట్టిక్కలు చేయు మన కోనసీమవారికి ఆ నేర్పు సులభముగా తెలియును.

1932లో సాన్ ఆంటోనియోలోనే చార్లెస్ డూలిను అనునతడు మొక్కజొన్న కరకరల వంటవిధమును కొని ఫ్రిటోస్ అను పేర అమ్మసాగెను. ఆ కరకరలపై వేడి చిల్లీని, తురిమిన చీజును, ఉల్లిపాయను వేసి తినుట తరువాత వాడుకయైనది. సంతలలోను ఆటపోటీలలోను ఆ పొట్లమునే ప్రక్కగా చీల్చి అందులోనే కూర పోసి యిచ్చెదరు. పళ్లెము కడుగు పని లేదు.

ఒహాయో రాష్ట్రములోని సిన్సినాటి నగరపు పద్ధతి మఱియొకటి. 1922లో మాసిడోనియానుండి వలసవచ్చిన కిరాజీఫ్ సోదరులు అక్కడ ఎంప్రెస్ అను భోజనశాల తెఱచిరి. వారి చిల్లీ పలుచగా నుండును. దాల్చినచెక్క, లవంగము వంటి సుగంధద్రవ్యములు అందులో పడును. దానిని స్పగెట్టి యను పొడవైన సేమ్యావంటి వంటకముపై పోసి, పైన చీజు తురుము కుప్పగా వేయుదురు. ఈ మూడును కలిసినచో “మూడు విధముల” పళ్లెము. ఉల్లిపాయ గాని గింజలు గాని చేర్చినచో నాలుగు. రెండును చేర్చినచో అయిదు. టెక్సాసువారు దీనిని చిల్లీ యని ఒప్పుకొనరు. సిన్సినాటివారు వారి ఒప్పుదలకు ఎదురుచూచుట లేదు.

లాసేంజెలెసులో హాంబర్గరుపై చిల్లీ పోయుదురు. దేశమంతటను సాసేజి పెట్టిన పొడవు రొట్టెపైనను, కాల్చిన బంగాళాదుంపను చీల్చి దానిలోను పోయుదురు. హవాయి దీవులలో వేడియన్నముపై చిల్లీ నిత్యవాడుక. కాబట్టి అన్నములో కలుపుకొని తినుట మనము చేయు అపచారమేమియు కాదు. మా మేనకోడలి యింట వేడియన్నముపై నేతిచుక్కతో ఒకనాడు, మిగిలిన దానిని జొన్నరొట్టెతో మఱునాడు తింటిమి. నా నాలుకకు జొన్నరొట్టెయే మేలుగా తోచినది. జొన్నలోని కొంచెపు తీపి ఆ కూరకు మొక్కజొన్న రొట్టె చేయు సేవయే చేయును.

ఇన్ని విధములు చెప్పినను వీటి వెనుక సూత్రమొక్కటే. కారమైన చిక్కని కూర ప్రక్కన చప్పనిది ఒకటి, కరకరలాడునది ఒకటి, పుల్లనిది ఒకటి, చల్లనిది ఒకటి ఉండవలెను. చప్పనిది అన్నమో రొట్టెయో, కరకరలాడునది అప్పడమైనను చాలును, పుల్లనిది నిమ్మబద్ద, చల్లనిది, అక్కడివారికి పుల్లని మీగడ, మనకు గడ్డపెరుగు. కారము నషాళమునకెక్కినప్పుడు నీళ్లు త్రాగినందువలన ప్రయోజనము స్వల్పము. నీరు కాప్సైసినును కరగింపదు. పాలలోని కేసీను అను మాంసకృత్తు దానిని పట్టుకొని నాలుకనుండి తొలగించును. కనుక పెరుగు గిన్నె వడ్డనలో అలంకారము కాదు, ఔషధము.

శ్రోతలారా, ఏది అసలైన చిల్లీ యని అక్కడ వంద సంవత్సరములనుండి వాదించుచున్నారు. గింజలు వేసినచో కాదని యొకరు, టమాటా తగిలినచో కాదని యొకరు. నాకు ఆ వాదములో రుచి తోచుచున్నది గాని నిజము తోచుట లేదు. ప్రతి యూరును తన చేతికి దొరికిన దానిపై ఆ కూరను వడ్డించుకొన్నది. అట్లు వడ్డించుకొన్నందుననే అది బ్రదికినది. మన మిరపకాయయు అట్లే బ్రదికినది. మెక్సికో మిరపకాయను మెక్సికోలో తిన్నట్లే తినవలెనని పోర్చుగీసువారు నిర్బంధించినచో మనకు గోంగూరపచ్చడియు లేదు, కొరివికారమును లేదు. కూరను మార్చుకొనుటలో తప్పు లేదు.

తప్పు మఱియొకచోట నున్నది. కూరను ఉంచుకొని, వండినవారిని మఱచుట. మన యిండ్లలో పెండ్లికి వచ్చిన పాత్రలపై ఇచ్చినవారి పేర్లు చెక్కించుట ఆచారము. ఏబది యేండ్లు గడచినను ఆ చెంబు చేతికి వచ్చినప్పుడు ఆ పేరు కంటికి తగులును. చిల్లీ యను పాత్రపై పొడిచేసి అమ్మినవాని పేరున్నది, పందెము వేసినవారి పేర్లున్నవి, శాసనసభ ముద్రయున్నది. లాంతరు వెలుగులో పది సెంట్లకు పళ్లెము నింపిన స్త్రీలలో అనేకుల పేర్లు లేవు. రాణులని బిరుదిచ్చి, పేరు వ్రాయకుండిరి.

మన వంటలకును ఈ గతి పట్టకుండ చూచుకొనుట మన చేతిలో నున్నది. మీ యింట ఏ పచ్చడి, ఏ పులుసు ఎవరి చేతినుండి వచ్చినదో ఒక కాగితముపై వ్రాసి యుంచుడు. కొలతలతో పాటు ఆ మనిషి పేరును, ఊరును వ్రాయుడు. అమ్మమ్మయో, పెద్దత్తగారో, ఇంటికి వచ్చి వండిపెట్టిన వంటమనిషియో, సందుమొగ అట్లు వేసిన అవ్వయో, ఎవరైనను సరే. ఆ పేరు చదివి వండిన బిడ్డ ఉప్పు ఒక పలుకు ఎక్కువ వేసినను, కారము తగ్గించినను, అది ఆ పెద్దల కూరయే యగును.

సెలవు.